డయాలసిస్ మొదలైన రోజే పాత డైట్ షీట్ చింపేయండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, డయాలసిస్ కేంద్రాలు నడుపుతున్న యాజమాన్యాలకు

నమస్కారం.

నేను క్లినికల్ డైటీషియన్ని. నా పని ఎక్కువగా కిడ్నీ రోగులతోనే. చెప్పాల్సింది ఒక్క విషయమే కాబట్టి నేరుగా అందులోకి వస్తాను.

కిడ్నీ దెబ్బతిందని తేలిన కొత్తలో రోగి చేతికి ఒక డైట్ షీట్ వస్తుంది. పప్పు తగ్గించండి, గుడ్డు మానేయండి, మాంసం ముట్టుకోవద్దు, పాలు అర గ్లాసు మించొద్దు అని అందులో ఉంటుంది. ఆ దశలో ఆ మాటల్లో చాలావరకు అర్థముంది. పనిచేసే శక్తి తగ్గిపోయిన కిడ్నీకి ప్రొటీన్ ఎక్కువైతే భారం. తర్వాత కొందరికి ఏళ్లకి, కొందరికి నెలలకే డయాలసిస్ మొదలవుతుంది. ఆ రోజు నుంచి వాళ్లకి కావాల్సిన ప్రొటీన్ తగ్గదు, పెరుగుతుంది. షీట్ మాత్రం అదే ఉంటుంది. డయాలసిస్‌కి ముందు కాపాడిన పథ్యమే డయాలసిస్ తర్వాత మనిషిని లోపల్నుంచి కరిగించేస్తోంది.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2020లో సవరించిన మార్గదర్శకాల్లో, షుగరు లేని కిడ్నీ రోగికి డయాలసిస్‌కి ముందు కిలో బరువుకి రోజుకి 0.55 నుంచి 0.60 గ్రాముల ప్రొటీన్ అని ఉంది. డయాలసిస్ మొదలయ్యాక 1.0 నుంచి 1.2 గ్రాములు. అంటే దాదాపు రెట్టింపు. కేడీగో అనే అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు ముందు దశకి 0.8 గ్రాములు అంటున్నాయి. ముందు ఎంత తగ్గించాలన్న దాని మీద నిపుణుల్లో తేడాలున్నాయి, నిజమే. డయాలసిస్ మొదలయ్యాక పెంచాలన్న దాని మీద లేవు.

ఎందుకు పెంచాలో చెప్పడం కూడా తేలికే. డయాలసిస్ యంత్రం రక్తంలోని మలినాలతో పాటు అమైనో ఆమ్లాల్నీ, అంటే ప్రొటీన్ తయారయ్యే ముక్కల్నీ లాగేస్తుంది. ఒక్కో సెషన్‌లో 6 నుంచి 12 గ్రాముల దాకా అలా పోతాయి. వారానికి రెండుసార్లో మూడుసార్లో ఇది జరుగుతుంది. పైగా జబ్బు వల్ల ఒంట్లో ఎప్పుడూ ఉండే ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) కండని తినేస్తుంటుంది. నోటికి రుచి ఉండదు, ఆకలి ఉండదు. తిన్నది తక్కువ, పోయేది ఎక్కువ.

ఒక లెక్క చూడండి. 55 కిలోల మనిషి డయాలసిస్ చేయించుకుంటుంటే రోజుకి 55 నుంచి 66 గ్రాముల ప్రొటీన్ కావాలి. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో ఇంచుమించు 8 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఆకలి చచ్చిన రోగి రోజంతా కలిపి 200 గ్రాముల బియ్యం అన్నం తింటే వచ్చేది 16 గ్రాములు. పప్పు మానేశారు. పాలు టీలో పోసుకున్నవే. కూర అంటే సొరకాయ, బీరకాయ. అన్నీ కలిపి 25 గ్రాములు దాటదు. అవసరంలో సగం కూడా కాదు. అదే మనిషి నాలుగు గుడ్ల తెల్లసొన తింటే 14 గ్రాములు, ఒక పూట 60 గ్రాముల కోడికూరో చేపో తింటే ఇంకో 12 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పుతో 6 గ్రాములు వస్తాయి. అక్కడికి 57 అయింది. ఇందులో ఏదీ మందుల షాపులో కొనేది కాదు. శాకాహారుల లెక్క ఇంతకన్నా కష్టం. పెరుగు, పనీరు, పప్పులతో కూడబెట్టాలి, వాటితో పాటు వచ్చే ఫాస్ఫరస్‌నీ చూసుకోవాలి. అది మనిషి మనిషికీ వేసే లెక్క. ఒక కాగితాన్ని అందరికీ జిరాక్స్ తీసి ఇస్తే తేలేది కాదు.

ఆ కాగితం గురించి కూడా చెప్పాలి, మీలో చాలామంది దాన్ని చూసి ఉండరు. జిరాక్స్‌కి జిరాక్స్ తీసీ తీసీ అంచుల్లో అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి. ఎడమ వైపు ‘తినకూడనివి’ పేజీ చివరిదాకా ఉంటాయి. కుడి వైపు ‘తినదగినవి’ నాలుగైదు వరుసలు. నా దగ్గరికి వచ్చిన ఒక షీట్‌లో పొద్దున కార్న్‌ఫ్లేక్స్, మధ్యాహ్నం రెండు ఫుల్కాలు, సాయంత్రం సగం యాపిల్ అని ఉంది. దాన్ని తెచ్చినాయన మూడు పూటలా అన్నమే తినే రైతు. ఆ షీట్‌లో ఆయన ఇంట్లో దొరికేది ఉప్పు ఒక్కటే, దాన్ని వాడొద్దని రాసి ఉంది.

ఇలాంటివారికి గుడ్డు తినమని చెప్పడం అంత తేలిక అనుకోకండి. ఒకావిడ నాతో అన్న మాట ఇది: “మేడమ్, మూడేళ్ల పాటు గుడ్డు విషమన్నారు. ఇంట్లో గుడ్డు వాసన కూడా రానివ్వలేదండీ. ఇప్పుడు మీరు రోజుకి నాలుగు పెట్టమంటున్నారు. మీలో ఎవరి మాట వినాలండీ?” నా దగ్గర దానికి ఉన్న జవాబు, ఇద్దరి మాటా అని. అప్పుడు అది సరి, ఇప్పుడు ఇది సరి. కానీ ఆ మార్పుని డయాలసిస్ మొదలైన వారంలో, నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) గారి సంతకంతో, ఎవరో ఒకరు కూర్చుని చెప్పి ఉంటే ఆవిడ మాలో ఒకరిని అబద్ధాలకోరుగా అనుకోవాల్సిన పని ఉండేది కాదు.

కండ కరిగిపోవడం బయటికి కనబడదు, అదే పెద్ద చిక్కు. మామూలు మనిషి చిక్కిపోతే బరువు యంత్రం చెబుతుంది. డయాలసిస్ రోగికి కండ పోయిన చోట నీరు చేరుతుంది. యంత్రం మీద అంకె అలాగే ఉంటుంది. ‘డ్రై వెయిట్ (అదనపు నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు) మారలేదు కదా’ అని అందరూ ధైర్యంగా ఉంటారు. కొన్నాళ్లకి ఆయాసం, బీపీ, రాత్రి పడుకోలేకపోవడం మొదలైతే అప్పుడు తీస్తారు నీరు. కణతలు లోపలికి పోవడం, భుజం మీద ఎముక తేలడం, చేతి పట్టు సడలడం లాంటివి చేత్తో తాకి చూసే పరీక్షలున్నాయి. ఎస్‌జీఏ అనే ఆ పద్ధతికి యంత్రాలక్కర్లేదు. శిక్షణ ఉన్న మనిషి, పావుగంట సమయం చాలు. దాని బదులు చాలా చోట్ల రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఒక్కటి చూసి ‘పోషణ బాగాలేదు’ అని రాసేస్తున్నారు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా, ఒంట్లో నీరెక్కువైనా ఆల్బుమిన్ పడిపోతుంది. అది జబ్బు తీవ్రతని చెబుతుంది. తిండి చాలిందా లేదా అన్నది దానొక్కదాన్నీ చూసి తేల్చలేం. ఇది మా రంగంలో ఇప్పుడు కొత్త విషయమేం కాదు, అయినా కేస్ షీట్లలోకి ఇంకా రాలేదు.

పొటాషియం సంగతికి వద్దాం. ఇక్కడ భయం అక్కర్లేదని నేను అనను. పొటాషియం బాగా పెరిగితే గుండె ఆగిపోతుంది. అందుకే జాగ్రత్త ఇంటి తిండిని బట్టి చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు వెళితే కొబ్బరి తోటలు, జీడి తోటలు, పనస చెట్లు. అంతుచిక్కని కిడ్నీ జబ్బుకి ఆ ప్రాంతం పేరు దేశమంతా తెలుసు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలైంది. మంచిదే. కానీ అక్కడి రోగికి చెప్పాల్సిన మొదటి జాగ్రత్త కొబ్బరి బొండం. ఒక్క బొండం నీళ్లలో అర గ్రాముకు పైగా పొటాషియం ఉంటుంది. నీరసంగా ఉందంటే పక్కింటివాళ్లు ప్రేమగా కొట్టించి ఇచ్చేది అదే. తర్వాత పనస తొనలు, ఆ తర్వాత ఎండుచేప, అది ఉప్పు వల్ల. మహబూబ్‌నగర్ వైపు రోగికి ఈ జాబితా పనికిరాదు. అక్కడ రాగి జావ, జొన్న రొట్టె గురించి మాట్లాడాలి. రాగులు ఆరోగ్యమని ఊరూరా ప్రచారం జరిగింది, మామూలు మనిషికి అది నిజం. డయాలసిస్ రోగికి తెల్లన్నంతో పోలిస్తే రాగుల్లో పొటాషియం చాలా ఎక్కువ, పైగా జావగా తాగితే నీళ్ల లెక్కలోకి కూడా వస్తుంది. తెల్లన్నమే మేలని మేం చెబితే జనం మమ్మల్ని వింతగా చూస్తారు. చూడనివ్వండి.

కూరగాయలన్నీ మానేయమనడం కూడా తప్పే. ముక్కలు చిన్నగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వార్చేస్తే పొటాషియం చాలావరకు దిగిపోతుంది. ఊరికే నానబెడితే అంత పోదు. కుక్కర్లో పెట్టి ఆ నీళ్లతోనే పప్పు మెదిపితే అసలేం పోదు. గంజి వార్చి అన్నం వండిన చేతులకి ఇది నేర్పడానికి ఐదు నిమిషాలు పడుతుంది. పొటాషియం రిపోర్టులో పెరిగి కనబడగానే ‘ఏం పండు తిన్నావ్?’ అని గద్దించే ముందు మలబద్ధకం ఉందేమో, షుగరు అదుపు తప్పిందేమో, వాడే బీపీ మాత్రల్లో పొటాషియాన్ని పెంచేవి ఉన్నాయేమో చూడాలి. రోగి తిట్లకి భయపడి మరుసటి నెల తిన్నది తినలేదని చెబుతాడు. ఆ తర్వాత మేం ఏ లెక్క వేసినా దండగే.

ఉప్పు దగ్గర ఒక హెచ్చరిక, ఇది మీ శాఖలే జనానికి చెప్పాల్సినది. బజార్లో ‘లో సోడియం’ అని అమ్మే ఉప్పులో సోడియం క్లోరైడ్ కొంత తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో అలాంటి ఉప్పుని మామూలు పెద్దవాళ్లకి సిఫారసు చేసింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లని ఆ సిఫారసు నుంచి స్పష్టంగా పక్కన పెట్టింది. పత్రికల్లో మొదటి సగం వచ్చింది. రెండో సగం చదివినవాళ్లు తక్కువ. బీపీ ఉందని కొడుకు కొని తెచ్చిన ఆ ప్యాకెట్ డయాలసిస్ చేయించుకునే తండ్రి కంచంలోకి వెళ్తోంది. సైంధవ లవణం సంగతి వేరే. దాన్ని పవిత్రంగా చూసే ఇళ్లున్నాయి, కిడ్నీకి మంచిదని కూడా అంటారు. అది కూడా ప్రధానంగా సోడియం క్లోరైడే. రంగు మారినా ఉప్పు ఉప్పే. చప్పిడి తిండి తినలేక అన్నమే మానేసేవాళ్లకి నిమ్మరసం నాలుగు చుక్కలు, మిరియాల పొడి, ఇంగువ తాలింపు, వెల్లుల్లి వాడుకోవచ్చని చెప్పేవాళ్లు కావాలి. ఉప్పు తగ్గితే దాహమూ తగ్గుతుంది, నీళ్లు తక్కువ తాగమని వెంటపడాల్సిన పని సగం తప్పుతుంది. మిగతా సగం, చారు, మజ్జిగ, టీ కూడా నీళ్లేనని ఒప్పించడం.

ఫాస్ఫరస్ గురించి ఒక్క మాట. పప్పుల్లో ఉండే ఫాస్ఫరస్‌లో చాలా భాగం ఒంటికి పట్టదు. ప్యాకెట్ తిండిలో, కోలా డ్రింకుల్లో కలిపే ఫాస్ఫేట్ దాదాపు మొత్తం పడుతుంది. మన షీట్లలో పప్పు ఎర్ర గీతతో ఉంటుంది, కోలా పేరే ఉండదు.

మేం ఖాళీ వదిలిన చోట యూట్యూబ్ కూర్చుంది. కిడ్నీలు కడిగేసే జ్యూస్ అని రోజుకో వీడియో. కొత్తిమీర, పాలకూర, సొరకాయ కలిపి రుబ్బి పొద్దున్నే ఒక పెద్ద గ్లాసు. డయాలసిస్ రోగికి అందులో ఉన్నది పొటాషియం, దాంతో పాటు ఒక గ్లాసు నీరు. ఇంకోవైపు ఖరీదైన ప్రొటీన్ పౌడర్ డబ్బాలు. కొందరికి అవి నిజంగానే అవసరం, తినలేనివాళ్లకి నేనూ రాస్తాను. కానీ తెలంగాణలో డయాలసిస్ రోగికి నెలకి పింఛను 2,016 రూపాయలు. ఆ డబ్బుతో డబ్బా కొంటే ఇంట్లో కూరలుండవు. ఆంధ్రప్రదేశ్‌లో 10,000 రూపాయలు ఇస్తున్నారు, అది పెద్ద ఆసరా. ఆ డబ్బులో తిండికి ఎంత, దేనికి పెట్టాలో చెప్పేవాళ్లు లేకపోతే అందులోనూ కొంత ఈ డబ్బాల దారి పడుతుంది.

మీరు చేసినవాటిని తక్కువ చేయడం లేదు. కేంద్రం 2016లో జాతీయ డయాలసిస్ కార్యక్రమం పెట్టడానికి చాలా ముందే ఆరోగ్యశ్రీ కింద తెలుగునాట డయాలసిస్ ఉచితంగా అందింది. యంత్రాలు జిల్లాలకి, చిన్న పట్టణాలకి వచ్చాయి. అంత ఖర్చుపెట్టి రక్తం శుభ్రం చేసి పంపిన మనిషి ఇంటికెళ్లి ఏం తింటున్నాడన్నది మాత్రం ఎవరి పద్దులోనూ లేదు. సెషన్లు లెక్కపెడతాం, హిమోగ్లోబిన్ చూస్తాం, ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో కలిపిన రక్తనాళం) చూస్తాం. అమెరికాలో డయాలసిస్ కేంద్రానికి ప్రభుత్వ బీమా డబ్బు రావాలంటే వైద్య బృందంలో డైటీషియన్ ఉండి తీరాలి. మనం కేంద్రాలకి డబ్బు చెల్లించే పద్ధతిలోనే అలాంటి షరతు ఎందుకు పెట్టలేమో నాకు అర్థం కాదు.

డైటీషియన్ పోస్టులు ఉన్న పెద్దాసుపత్రుల్లో కూడా ఆ పోస్టులో ఉన్నావిడ రోజంతా ఏం చేస్తుందో ఒకసారి కనుక్కోండి. వంటశాలలో పాలు కొలిపించడం, బ్రెడ్డు ప్యాకెట్లు లెక్కపెట్టడం, కాంట్రాక్టరు బిల్లుల మీద సంతకాలు. అవీ అవసరమే. కానీ ఎమ్మెస్సీ చదివి, ఇంటర్న్‌షిప్ చేసి, ఐసీయూలో ట్యూబ్ ఫీడింగ్ లెక్కలు వేయగల మనిషి చేత స్టోర్ కీపర్ పని చేయిస్తున్నాం. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం డైటీషియన్‌ని, అందులో క్లినికల్ డైటీషియన్‌ని ప్రత్యేకంగా పేరుపెట్టి, ఆరోగ్య వృత్తి నిపుణులుగా గుర్తించింది. చట్టంలో గుర్తింపు వచ్చింది. కేస్ షీట్‌లో మా కోసం ఒక పేజీ ఇంకా రాలేదు.

ఇక అడిగేవి. డయాలసిస్ మొదలైన 90 రోజుల్లోపు ప్రతి రోగికీ డైటీషియన్ చేత పూర్తి పోషణ పరీక్ష జరగాలి. ఆ గడువు 2020 మార్గదర్శకాల్లోదే. ఆ తర్వాత కనీసం ఆరు నెలలకోసారి చూడాలి, చూసింది రోగి ఫైల్లో రాయాలి. ప్రతి కేంద్రంలో ఒకరిని పెట్టడం ఇప్పుడు కుదరదని నాకూ తెలుసు. జిల్లాకి ఒకరో ఇద్దరో ఉండి వారంలో రోజుకో కేంద్రానికి తిరిగితే మొదలవుతుంది. రోగి నాలుగు గంటలు కుర్చీలోనే కూర్చుని ఉంటాడు, పక్కన భార్యో కొడుకో ఉంటారు. కౌన్సెలింగ్‌కి ఇంతకన్నా మంచి సమయం ఏ ఓపీలోనూ దొరకదు. రెండు వేర్వేరు షీట్లు కావాలి, డయాలసిస్‌కి ముందు ఒక రంగు కాగితం, తర్వాత ఇంకో రంగు. మొదటి సెషన్ రోజున పాతది తీసుకుని కొత్తది ఇవ్వడం టెక్నీషియన్ చెక్‌లిస్టులో ఒక గడి కావాలి. ఉద్దానంలో ఒడియా మాట్లాడే ఇళ్లున్నాయి, ఆదిలాబాద్‌లో మరాఠీ, గోండి మాట్లాడేవాళ్లున్నారు. వాళ్లకి బొమ్మల షీటైనా, ఫోన్లో వినిపించే ఆడియో అయినా ఉండాలి.

చివరిది గుడ్డు. ఆసుపత్రి వార్డుల్లో ఉన్నవారికి బండి మీద భోజనం వస్తుంది. డయాలసిస్ రోగి పొద్దున వచ్చి మధ్యాహ్నం వెళ్లిపోతాడు కాబట్టి నేను చూసిన చోట్ల ఆ బండి అతని దగ్గర ఆగదు. తెల్లవారకముందే బస్సెక్కి, ఖాళీ కడుపుతో వచ్చి, అమైనో ఆమ్లాలు పోగొట్టుకుని, మళ్లీ బస్సెక్కుతాడు. బడి పిల్లలకి, అంగన్‌వాడీల్లో గర్భిణులకి, బాలింతలకి గుడ్డు ఇచ్చే ఏర్పాటు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. టెండర్లున్నాయి, సరఫరా ఉంది. అదే దారిలో డయాలసిస్ కేంద్రానికి సెషన్‌కి రెండు ఉడికించిన గుడ్లు, శాకాహారులకి ఒక కప్పు పెరుగో, కొంచెం పనీరో పంపించండి. డయాలసిస్ జరుగుతుండగా తింటే బీపీ పడిపోయే వాళ్లుంటారు, వాళ్లకి సెషన్ అయ్యాక ఇవ్వాలి. ఎవరికి ఎప్పుడన్నది నెఫ్రాలజిస్టు, డైటీషియన్ కలిసి ఫైల్లో రాస్తే సరిపోతుంది.

షీట్ల ముసాయిదా రాయడానికి, టెక్నీషియన్లకి, స్టాఫ్ నర్సులకి శిక్షణ ఇవ్వడానికి మాలో చాలామంది ఉచితంగా వస్తారు, పలాసకైనా, ఆదిలాబాద్‌కైనా. పోస్టులు మాత్రం జీతంతోనే నింపండి.

ఇట్లు,
ఒక క్లినికల్ డైటీషియన్